పేరు చెబితేగానీ పలకని ఫోను

జిపార్ కాలు ఒకచోట నిలవదు. కొండల మధ్య కొచ్కోర్ ఊళ్ళో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. టీ పోస్తూ పోస్తూ లేచి గుమ్మం దాకా వెళ్ళి వస్తుంది. కూర్చున్నా మోకాలు ఆడుతూనే ఉంటుంది. కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో అత్తగారు "దీని అరికాళ్ళ కింద ఎవరో నిప్పులు పోశారు" అని విసుక్కునేది. అత్తగారు పోయింది, జిపార్ జుట్టు నెరిసింది, ఆ నిప్పులు మాత్రం ఆరలేదు. పైగా ఈమధ్య వాటికి ఒక కారణం కూడా దొరికింది. మామగారికి మతి తప్పుతోంది.

ముసలాయన ముందు వస్తువులు మర్చిపోయాడు, తర్వాత రోజులు మర్చిపోయాడు, ఆ తర్వాత మనుషుల్ని. కొడుకు మెలిస్‌ని చూసి ఎప్పుడో పోయిన తమ్ముడనుకుంటాడు. జిపార్‌ని ఏమనుకోవాలో తెలియక "ఉన్ని ఆవిడ" అంటాడు. "ఆ ఉన్ని ఆవిడ టీ బాగా పెడుతుందిరా, జీతం సరిగ్గా ఇస్తున్నారా లేదా?" అని ఒకరోజు కొడుకుని పక్కకి పిలిచి మరీ అడిగాడు. ఇంట్లో అందరూ పగలబడి నవ్వారు. జిపార్ కూడా నవ్వింది. నవ్వి, దొడ్లోకి వెళ్ళి ఏడ్చింది.

ఏడవదా మరి! ఆ ఇంట్లో ఆమెని మనిషిగా చూసిన మొదటి మనిషి ఆయనే. పెళ్ళైన ఏడాది ఆమె చేసిన మొట్టమొదటి ఉన్ని తివాచీ వంకరటింకరగా వచ్చింది. అంచు ఒక పక్కకి లాగేసింది, కుట్లు ఎగుడుదిగుడు. అత్తగారు దాన్ని కుక్క పడుకోడానికి వేస్తానంది. ముసలాయన ఏమీ అనకుండా దాన్ని తీసుకెళ్ళి అతిథులు కూర్చునే పెద్దపీట స్థానంలో పరిచి, తనే దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "మా కోడలు చేసింది. ఎవరికైనా వంక కనిపిస్తే నా మొహం మీదే చెప్పండి" అన్నాడు. ఆ మాట విన్నాక జిపార్ తన తివాచీలకి ఎక్కడా వంక రానివ్వలేదు.

ఇంత చేసిన మామగారి పేరు ఆమె నోట ఒక్కసారి కూడా రాలేదు. కోడలు మామ పేరు పలకడమేమిటి, కళ్ళు పోవూ! పిలవాలంటే "ఆతా" అనాలి, నాన్నా అని. ఆయన పేరు బల్తాబాయ్. బల్తా అంటే గొడ్డలి కనక జిపార్ గొడ్డలిని కూడా గొడ్డలి అనదు, "నరికేది" అంటుంది. అంగడికి వెళ్ళి "నరికేదానికి పిడి కావాలి" అంటే అంగడివాడు నవ్వకుండా తీసిస్తాడు. వాడి పెళ్ళాం కూడా మామ పేరు నోట రాకూడదని ఇంట్లో గొర్రెల్ని "మే మే అనేవి" అంటుంది, వాడు నవ్వితే ఎలా?

ఇక మెలిస్ సంగతి. కొచ్కోర్‌కీ బిష్కెక్ పట్నానికీ మధ్య వ్యాను తోలుతాడు. మంచివాడే కానీ ఫోన్ల పిచ్చి. కొత్త ఫోను మార్కెట్లోకి వచ్చిందంటే ఆ రాత్రి అతనికి నిద్ర ఉండదు. మొన్న వసంతంలో భార్యకి ఒక కొత్త ఫోను, తండ్రి మెడలో వేలాడదీయడానికి ఉండుండి కీచుమనే బిళ్ళలాంటి చిన్న పరికరం ఒకటి కొనుక్కొచ్చాడు. ఎంతైందని అడిగితే వినపడనట్టు నటించాడు.

అతను వచ్చేసరికి ఇంట్లో ఉన్ని పని సాగుతోంది. రెల్లు చాప మీద ఉన్ని పరిచి, వేడినీళ్ళు చల్లి, చాపతో సహా చుట్టి తాళ్ళు బిగించారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వరసగా కూర్చుని మోచేతులతో దాన్ని నొక్కి దొర్లిస్తున్నారు. అందరూ ఆ ఇంటిపేరు కోడళ్ళే. వాళ్ళలో పెద్దది షార్కాన్, జిపార్‌కి తోడికోడలి వరస. ఆ నోటికి జంకనివాళ్ళు ఆ వీధిలో లేరు.

"ఇది చూడు వదినా, చంద్రుడి మీద గుంటలు కూడా కనిపిస్తాయి" అని మెలిస్ ఫోను చూపించాడు.

"గుంటలు చూడ్డానికి చంద్రుడి దాకా ఎందుకు మరిదీ? మన వీధి చాలదూ?" అంది షార్కాన్.

"గుండె ఎలా కొట్టుకుంటోందో చెబుతుంది."

"కొట్టుకోవడం ఆగిపోయాక కూడా చెబుతుందా, లేక అప్పుడు ముల్లాని పిలవాలా?"

మెలిస్ పట్టు వదల్లేదు. "పోనీ, ఇది విను. ఏదైనా రాసి ఇక్కడ నొక్కితే పైకి చదివిపెడుతుంది." రాసి నొక్కాడు. ఫోనులోంచి ఎవరో పట్నం అమ్మాయి గొంతు తియ్యగా, "అక్కలారా, అలసిపోయారు, టీ తాగండి" అంది.

"నోరున్న కొంపలో దీనికేం పని? ఇవన్నీ అమ్ముకోడానికి వేసే వేషాలు. నువ్వు పడ్డావు, అంతే."

"వేషాలు కాదు వదినా! నాన్న మెడలో ఈ బిళ్ళ ఉంటే ఆయనెక్కడున్నాడో ఫోను చెప్పేస్తుంది. తడి చేతులతో ముట్టుకోనక్కర్లేదు, నోటితో అడిగితే చాలు. ఏదీ జిపార్, నువ్వు అడుగు. 'బల్తాబాయ్ ఎక్కడ?' అను."

దొర్లుతున్న ఉన్ని చుట్ట టక్కున ఆగిపోయింది. జిపార్ మొహం ఎర్రబడింది. "ఛీ! బుద్ధుందా మీకు? నేనెలా అంటాను?"

"పోనీ వదినా, నువ్వు?"

"నేను మాత్రం ఈ ఇంటి కోడల్ని కానా? చచ్చినా అనను" అంది షార్కాన్. మిగతావాళ్ళు తలలు అడ్డంగా ఊపారు. గది నిండా ఆడవాళ్ళు, ఆ పేరు పలికే నోరు ఒక్కటీ లేదు.

జిపార్ ఫోను వైపు వంగి మర్యాదగా, "మా ఆతా ఎక్కడున్నారు?" అని అడిగింది.

"ఆ పేరుతో ఎవరూ లేరు" అంది ఫోను, అంతకంటే మర్యాదగా.

ఆడవాళ్ళు నవ్వలేక చచ్చారు. "దీన్ని చేసినవాడు ముందు ఒక కోడల్ని అడిగి ఉంటే బావుండేది" అని షార్కాన్ కళ్ళు తుడుచుకుంది. జిపార్ మాత్రం నవ్వలేదు. "ఆ పేరు తీసేసి ఆతా అని పెట్టండి" అని బతిమాలింది. "రేపు మారుస్తాలే. అందాకా వేలితో నొక్కు, పటం వస్తుంది. అందులో ఎర్ర చుక్క నాన్న" అన్నాడు మెలిస్. ఆ రేపు రానే లేదు.

ఆనాటి నుంచి జిపార్‌కి చుక్క పిచ్చి పట్టుకుంది. ముసలాయన రోజూ ఇంటి మేకల్ని తోలుకుని వెనక గుట్ట మీదికి వెళతాడు. మనుషుల్ని మర్చిపోయినా మేకల్ని మర్చిపోలేదు, గొర్రెలకాపరిగా బతికిన ఒళ్ళు కదా. ఇదివరకు జిపార్ గుమ్మం దాకా వెళ్ళి గుట్ట వైపు చూసొచ్చేది. ఇప్పుడు కూర్చున్నచోటే తడి చెయ్యి గౌనుకి తుడుచుకోవడం, చుక్క చూడటం, ఫోను పెట్టెయ్యడం, మళ్ళీ తుడుచుకోవడం. చుక్క కదిలితే ఎందుకు కదిలిందని బెంగ, కదలకపోతే ఎందుకు కదల్లేదని బెంగ. మనశ్శాంతి కోసం కొన్నది మనశ్శాంతిని మింగేసింది. పాపం, ఎవరితో చెప్పుకుంటుంది?

ఆ రోజు పెద్ద తివాచీ పని. ఉన్ని సగం పట్టు పట్టాక వదిలేస్తే అంతా వదులైపోతుంది, మధ్యలో లేవడానికి వీల్లేదు. మధ్యాహ్నం దాటాక గుట్ట మీదికి పొగమంచు దిగడం కిటికీలోంచి కనిపించింది. జిపార్ అరికాళ్ళు చురుక్కుమన్నాయి. "అక్కా, ఒక్కసారి పైకి వెళ్ళొస్తా."

"చుక్క ఎక్కడుంది?"

"గుట్ట మీదే ఉంది. కదులుతోంది."

"కదులుతోందంటే నడుస్తున్నాడనేగా. కూర్చో తల్లీ, నీ కాళ్ళ దురదకి తివాచీ పాడవుతుంది. మొగుడు కొన్న వేషం ఈ ఒక్క రోజన్నా అక్కరకి రానీ." షార్కాన్ అంతటిది ఫోనుని నమ్మమంటే జిపార్ ఏమంటుంది? లేవబోయి కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక లేవాలనిపించి కూర్చుండిపోవడం ఆమెకి అదే మొదటిసారి.

కాసేపటికి చుక్క గుట్ట దిగింది. వాగు దాటింది. వీధిలోకి వచ్చింది. "వచ్చేస్తున్నారు!" అని జిపార్ ప్రాణం లేచొచ్చినట్టు లేచి, ఆయనకిష్టమైన పాల టీ గిన్నెలో పోసుకుని గేటు దగ్గరికి పరిగెత్తింది. గేటు ముందు మేకలున్నాయి. వాటి ముందు పెద్ద మేకపోతు నిలబడి ఉంది. దాని మెడలో, గడ్డం కింద, ఆ బిళ్ళ వేలాడుతోంది.

ఆయన తప్పేముంది? మెడలో కట్టేది, ఉండుండి కీచుమనేది ఏదైనా సరే మంద ముందు నడిచే పోతుకే కదా కట్టాలి. జన్మంతా చేసిన పనే చేశాడు. టీ గిన్నె జిపార్ చేతిలోంచి జారిపోయింది.

"నేనే కూర్చోబెట్టాను, నా నోరు పడిపోనూ" అని షార్కాన్ నెత్తి కొట్టుకుంది. కొట్టుకుని, మగవాళ్ళని కేకేయడానికి వీధిలోకి పరిగెత్తింది. మెలిస్ ఎక్కడో కనుమ దారిలో ఉన్నాడు, ఫోను కలవలేదు. జిపార్ ఎవరి కోసమూ ఆగలేదు. దొడ్లో ఉన్న గుర్రమెక్కి, బురదలో మేకలు దిగొచ్చిన జాడ పట్టుకుని ఎదురు నడిపించింది. చినుకులతో కలిసి మంచు పడుతోంది. రాత్రయితే ఆ గుట్ట మీద పడుచువాళ్ళే నిలవలేరు, ఆయన ఒంటి మీద పలచటి చొక్కా. "నా కాళ్ళు వెళ్ళమన్నాయి, నేను వినలేదు, నేను వినలేదు" అని దారంతా గొణుక్కుంటూనే ఉంది.

పైన రాళ్ళ నేల మీద జాడ పోయింది. పొగమంచులో గుర్రం చెవులు తప్ప ఏమీ కనపడటం లేదు. "ఆతా! ఆతా!" అని గొంతు చించుకుని అరిచింది. జవాబు లేదు. ఎలా వస్తుంది? ఆయన లెక్కలో ఆయనకింకా పెళ్ళే కాలేదు. ఆతా అంటే ఎవరికో వేసిన కేక.

పేరు పెట్టి పిలవాలి. జిపార్‌కి ఆ సంగతి తట్టింది. నోరు తెరిచింది, ఆ పేరు పెదవి దాటలేదు. ఫోను తీసి, ఆ పేరు అక్షరం అక్షరం రాసి, గొంతు పూర్తిగా పెంచి నొక్కింది. పట్నం అమ్మాయి పొగమంచులోకి తియ్యగా, "బల్తాబాయ్, బల్తాబాయ్" అంది. ఎవరో బ్యాంకులో వరస సంఖ్య పిలిచినట్టుంది. గుర్రం కూడా తల తిప్పలేదు.

ఫోను జేబులో కుక్కుకుంది జిపార్. కళ్ళు గట్టిగా మూసుకుంది.

"బల్తాబాయ్!" అని అరిచింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఆకాశం విరిగి పడలేదు. "బల్తాబాయ్! ఓ బల్తాబాయ్!"

కింద ఎక్కడో, పాత గొర్రెల దొడ్డి గోడ వైపు నుంచి ఒక గొంతు ఉరిమింది. "ఎవరే అది? మామ పేరు పెట్టి కొండంతా మోగిస్తావా? సిగ్గులేదూ! మీ అమ్మ నేర్పిన మర్యాద ఇదేనా జిపార్?"

జిపార్!

గుర్రం మీంచి దిగిందో పడిందో ఆమెకే తెలియదు. గోడ వారగా ముసలాయన మోకాళ్ళు ముడుచుకుని, కోపంతో గడ్డం అదురుతూ, నీలం తిరిగిన పెదాలతో కూర్చుని ఉన్నాడు. ఆమె తన కోటు విప్పి ఆయనకి చుట్టింది. ఆయన తిడుతూనే ఉన్నాడు. "నిన్ను ఎలా చూసుకున్నాను! నీ వంకర తివాచీ మీద ఊరందరినీ కూర్చోబెట్టానా లేదా? అందుకా ఇది?"

"తప్పయింది ఆతా. తిట్టండి. ఇంకా తిట్టండి" అంది జిపార్. ఏడుస్తోంది, నవ్వుతోంది, ఆయన కాళ్ళు రుద్దుతోంది.

ఆయన్ని గుర్రమెక్కించి కళ్ళెం పట్టుకుని నడిచింది. ఎదురొచ్చిన షార్కాన్‌కీ మగవాళ్ళకీ వినపడేలా ముసలాయన దారి పొడవునా తిట్టాడు. కోడళ్ళు చెడిపోయారన్నాడు, కాలం చెడిపోయిందన్నాడు. షార్కాన్ నోరు తెరవబోతే జిపార్ చేత్తో ఆపింది. అంత చక్కటి తిట్లు ఆమె ఎన్నాళ్ళకి విన్నది! ఒక్క మాట పోనివ్వదలుచుకోలేదు.

వాగు దగ్గర తిట్లు సన్నగిల్లాయి. వీధి మొదట్లో ఆగిపోయాయి. జిపార్ వెనక్కి తిరిగి చూస్తే ఆయన గుర్రం జూలు సవరిస్తూ ఎటో చూస్తున్నాడు. మరొక్కసారి కోపం వస్తే బావుండును, మరొక్కసారి తన పేరు పెట్టి తిడితే బావుండును. షార్కాన్ వింటోందని తెలిసీ, ఈసారి కావాలనే, నెమ్మదిగా పిలిచింది.

"బల్తాబాయ్."

"ఊఁ, ఏంటమ్మా?" అన్నాడు ఆయన, బడి నుంచి వస్తున్న పిల్లాడిలా.

జిపార్ కళ్ళెం సర్దుకుంది.

"ఏం లేదు నాన్నా" అంది. "ఇంటికొచ్చేశాం."