కానుక పళ్ళెం వెనకవైపు

మఖమల్ గుడ్డ అంచు పట్టుకుని అత్తమ్మే లాగింది. ఎండిన బంక పటపటమంటూ ఊడింది. గుడ్డ నా చేతికిచ్చి, పళ్ళెం కిటికీ వెలుతురులోకి జరిపి, "ఇగ చూడు" అంది.

అది చర్చిలో కానుకలు పట్టే ఇత్తడి పళ్ళెం. చిల్లర పడితే మోగకూడదని లోపల ఎర్ర మఖమల్ అంటించి ఉండేది. వెడల్పాటి అంచు చుట్టూ ద్రాక్ష తీగ, ఆకులు, గుత్తులు. మా మామగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. పెళ్లయిన ఏడాది క్రిస్మస్‌కు ఆ పళ్ళెం తెచ్చి, తానే చేశానని భార్యకు చెప్పి, చర్చికి ఇచ్చారట. ఆయన పోయిన చాన్నాళ్ళకు చర్చిలో పళ్ళేలకు బదులు గుడ్డ సంచులు వచ్చాయి. పాస్టర్‌గారు దాన్ని సీతాఫల్‌మండిలో అత్తమ్మ ఇంటికే పంపించారు.

దానితోపాటు పాత ఎగతాళి కూడా ఇంటికొచ్చింది. మామగారి తమ్ముణ్ణి మేం చినమామ అంటాం. పళ్ళెం చూడగానే ఆయన మొదలుపెట్టాడు.

"వదినె, ఇంట్ల కుర్చీ కాలు ఊగితే మా అన్న మేకు గొట్టలే. గింత ద్రాక్షతోట ఆయన చేసిండా? బజార్ల కొన్నడు, కొత్త పెండ్లాం ముందల ఫోజు కొట్టిండు."

"నువ్వు జెర ఊకో. చేసిన అన్నడంటే చేసిండు."

ఎప్పుడూ అక్కడితో ఆగిపోయే మాట. ఆ రోజు మాత్రం ఆమె నావైపు తిరిగింది. "పాత సామాన్ల మీద పేపర్ల రాసినవ్ గద బిడ్డా, నువ్వు చూడు. అబద్ధమైతే అబద్ధమనే చెప్పు."

నేను రాసింది ఆదివారం అనుబంధానికి ఒకే ఒక్క వ్యాసం. దానికోసం పాత ఇత్తడి, వెండి అమ్మే ఒకాయన కొట్లో కూర్చుని కొంచెం నేర్చుకున్నాను. అసలు సంగతి వస్తువు వెనకవైపు ఉంటుందనేవాడాయన. పోత పోసినదైతే అక్కడ ఇసుక గరుకు తగులుతుంది. అచ్చులో నొక్కినదైతే ఏ గుత్తి చూసినా ఒకటే. చేత్తో కొట్టినదైతే దెబ్బ దెబ్బకూ లోతు మారుతుంది.

ఆఫీసులో ఫొటో నెగటివ్‌లు చూసే భూతద్దం తెచ్చుకున్న రోజే అత్తమ్మ మఖమల్ లాగేసింది, చినమామ పక్కనే కూర్చున్నాడు. మఖమల్ ఊడిన చోట సన్నని వలయాలు కనిపించాయి. వర్క్‌షాపుల్లో ఉండే లేత్ యంత్రం మీద తిప్పిన గుర్తులు.

"లేత్ వర్క్‌షాపుల్నే ఉంటదా? బజారోళ్ళకు సుత ఉంటది" అన్నాడు చినమామ. అదీ నిజమే.

పళ్ళెం బోర్లించాను. ఒక్కో ద్రాక్షపండు వెనక ఒక్కో గుంట, ఏ రెండూ ఒక్కలా లేవు. ఒకచోట పనిముట్టు జారి ఆకు దాటిపోయింది.

"ఇది చేత్తో కొట్టిందే అత్తమ్మా."

ఆమె మరిదివైపు గెలిచినట్టు చూసింది.

"ఎవ్వరి చెయ్యో అడుగు" అన్నాడాయన.

అత్తమ్మ నా చేతిలోని భూతద్దం చూసింది. "మీ మామది ఎడమ చేతి వాటం. అది తెలుస్తదా?"

తెలిసే వీలుంది. ఆకుల ఈనెలు ముందువైపు ఉలితో గీసినవి. ఎడమ చేతివాళ్ళ ఉలి ఒకవైపుకు, కుడి చేతివాళ్ళది ఇంకోవైపుకు వాలుతుంది; ఎటు వాలిందో గీత పక్కన లేచిన గట్టు మీద కనిపించాలి. పళ్ళెం తిప్పి భూతద్దం పెట్టాను. ఈనెలన్నీ వాడిన సబ్బు మీది అక్షరాల్లా అరిగిపోయి ఉన్నాయి. గట్టు ఎక్కడా మిగల్లేదు.

చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారపు ఆదివారానికి ముందురోజు అత్తమ్మ చర్చికి వెళ్ళి ఆ పళ్ళెం తోమేది. ఆ పని ఇంకొకరికి ఇచ్చేది కాదు. చింతపండు, బూడిద, కొబ్బరి పీచు. ఆయన పనితనం మెరవాలని. నేను ఏమీ చెప్పకముందే ఆమెకు అర్థమైంది.

"నేనే తోమి తోమి పోగొట్టిన గదా" అంది మెల్లగా.

చినమామ ఇంకో మాట విసురుతాడేమో అనుకున్నాను. ఆయన పళ్ళెం తన ఒళ్ళోకి తీసుకుని అంచు మీద వేలు తిప్పాడు.

"చర్చి మొత్తంల గిదే మెరిసేది వదినె. అన్న దీన్నే చూసుకుంట కూసునేటోడు. ఒక్కనాడన్న ప్రసంగం ఇన్నడా?"

ఆమె నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మఖమల్ మళ్ళీ అంటించలేదు. పళ్ళెం ఇప్పుడు కిటికీ పక్క అరలో ఉంటుంది. శనివారం ఆమె దాన్ని పొడిగుడ్డతో తుడుస్తుంది, చింతపండు ముట్టనివ్వదు. చినమామ మాత్రం ఒప్పుకోనూలేదు, మళ్ళీ ఎగతాళి చేయనూలేదు. ఆ ఈనెలు గీసింది ఎడమ చెయ్యో కుడి చెయ్యో ఇప్పటికీ తెలియదు.