ఏ చేత్తో తింటారు?

రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, విజయవాడలో నేను పనిచేసే ఆసుపత్రిలో నన్ను డయాలసిస్ యూనిట్‌కి ఇన్‌చార్జి సిస్టర్‌గా వేశారు. అంతకుముందు చాలా ఏళ్లు సర్జికల్ వార్డులో చేశాను కనుక, రక్తనాళాల గురించి నాకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదనుకునేదాన్ని. ఆ పొగరు రెండు నెలలు నిలిచింది.

డయాలసిస్ మిషన్‌కి రక్తం ధారగా అందాలి. చేతిమీద నీలంగా కనబడే సిరకు గోడ పలచన. అందులో రక్తం నిదానంగా గుండెకు తిరిగి వెళ్తుంటుంది, మిషన్‌కి అది చాలదు. ధమనిలో ఒత్తిడి కావలసినంత ఉంటుంది, గోడలో కండరమూ సాగే పొరా మందంగా ఉంటాయి. కానీ అది లోతున ఉంటుంది, వారానికి మూడుసార్లు లావుపాటి సూదులు గుచ్చితే తట్టుకోదు. అందుకని సర్జన్లు మణికట్టు దగ్గర సిరను తెచ్చి ధమనికి కలిపి కుడతారు. దీన్ని ఫిస్టులా అంటాం. ధమని పోటు తగిలాక నెలన్నర, రెండు నెలల్లో ఆ సిర ఉబ్బి, గోడ మందమెక్కి, సూదులకు పనికొస్తుంది. వేలు ఆనిస్తే జుమ్మని అదురుతుంది.

కుట్టిన చేతికి ఒక్కోసారి రక్తం తగ్గి పట్టు సడలుతుంది. కాబట్టి అలవాటు తక్కువున్న చేతికే చేస్తారు. ఆ చెయ్యి ఏదో ముందే కనుక్కొని, దానికి సెలైన్ సూది పెట్టకుండా గుర్తు పట్టీ కట్టడం నా డ్యూటీ. సూది పెట్టినప్పుడల్లా సిర లోపలి పొర దెబ్బతింటుంది. అదేపనిగా గుచ్చితే రక్తం గడ్డకట్టి, సిర మూసుకుపోయి, తాడులా గట్టిపడుతుంది. ఏ చెయ్యో తేల్చడానికి మేమంతా అడిగేది ఒకటే ప్రశ్న: ఏ చేత్తో తింటారు?

నాంచారయ్య గారిది కొండపల్లి, బొమ్మలు చెక్కే పని. బీపీ వల్ల రెండు కిడ్నీలూ పోయి, మెడలో గొట్టంతో డయాలసిస్ మీద ఉన్నారు. ఆ గొట్టం ఎక్కువ రోజులు ఉంచితే చీము పడుతుంది. నా ప్రశ్నకు ఆయన కుడిచేత్తోనండీ అన్నారు. సంతకం కూడా కుడిచేత్తోనే పెట్టారు. నేను ఎడమచేతికి పట్టీ కట్టాను. వార్డులో ఉన్న మూడు వారాలూ సెలైన్లు, ఇంజెక్షన్లు, రక్తపరీక్షలు అన్నీ కుడిచేతికే. స్కానింగ్‌లో ఎడమచేతి సిరలు, ధమని చక్కగా కనిపించాయి. ఇంత మంచి సిరలు దొరకడం మన అదృష్టం అని జూనియర్లకు గొప్పగా చూపించాను.

ఆపరేషన్ రోజు ఉదయం ఆ చేతిమీద వెంట్రుకలు తీస్తుంటే ఆయన భార్య కోటేశ్వరమ్మ గారు అడిగారు.

"మళ్లీ ఈ చేత్తో ఉలి ఎన్నాళ్లకి పట్టుకోవచ్చండీ?"

కుడిచేత్తో కదా పట్టేది అన్నాను.

"లేదండీ, ఆయనది పుర్రచెయ్యి. అన్నం తినడం, రాయడం మాత్రం చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ కొట్టి మరీ కుడికి మార్పించిందంట."

అరచెయ్యి తిప్పి చూశాను. వేళ్ల మొదట్లో ఉలి పట్టిన కాయలు. ముంజెయ్యి కుడిదానికన్నా లావుగా ఉంది. పనిచేసే కండకు రక్తం ఎక్కువ కావాలి, ఏళ్ల తరబడి ఉలి పట్టిన చేతిలో నాళాలు వెడల్పవుతాయి. నేను మెచ్చుకున్న సిరలు అందుకే అంత బాగున్నాయి. మూడు వారాలు ఆ చెయ్యి పట్టుకొని కూడా నాకది తట్టలేదు. చాలా సిగ్గేసింది. ముందే ఎందుకు చెప్పలేదండీ అని ఆయన్నే అడిగాను.

"మీరు తినే చెయ్యి అడిగారు, చెప్పానండి," అన్నారు. నిష్ఠూరమేమీ లేదు ఆ మాటలో.

సర్జన్ గారికి వెంటనే చెప్పాను, తప్పు నాదేనని కూడా చెప్పాను. ఆయన వచ్చి, కుడిచేతికి రబ్బరు పట్టీ బిగించి, మణికట్టు నుంచి మోచేతి దాకా వేలితో తడిమారు. సిర రెండుచోట్ల గట్టిపడిపోయింది, ఆ మణికట్టు దగ్గర ఇక కుట్టడానికి లేదు. ఇక నాంచారయ్య గారికి విషయమంతా విప్పి చెప్పారు. ఎడమ మణికట్టు దగ్గర చేస్తే ఫిస్టులా బాగా వస్తుంది, కానీ ఉలి పట్టు మునుపటిలా ఉంటుందని హామీ ఇవ్వలేం. కుడి మోచేతి దగ్గరా చెయ్యొచ్చు. అక్కడ ధమని పెద్దది కాబట్టి రక్తమంతా అటు మళ్లి, అరచెయ్యి చల్లబడి మొద్దుబారే ప్రమాదం ఎక్కువ. అప్పుడు అన్నం కలుపుకోవడం కూడా కష్టం కావచ్చు.

నాంచారయ్య గారు ఆలోచించడానికి సమయమేమీ తీసుకోలేదు.

"అన్నం మా ఆవిడైనా పెడుతుందండీ. ఉలి ఎవరు పడతారు?"

కుడి మోచేతి దగ్గరే చేశారు. రెండు నెలలకు సూదులు పెట్టగలిగాం. అరచెయ్యి కొంచెం చల్లబడింది గానీ మొద్దుబారలేదు. ఆయన మళ్లీ బొమ్మలు చెక్కారు.

మా ఫారంలో ఆ ప్రశ్న కొట్టేయించి, పని ఏ చేత్తో చేస్తారో చేసి చూపించమనాలనీ, రెండు అరచేతులూ తడిమి చూశాకే పట్టీ కట్టాలనీ రాయించాను. ఫిస్టులా శాశ్వతం కాదు. ఒకటి మూసుకుపోతే ఇంకోటి వెయ్యాలి, అందుకే మణికట్టు నుంచి మొదలుపెట్టి పైకి వెళ్తారు. మనిషికి రెండు చేతుల్లో కలిపి అలాంటి చోట్లు కొన్నే ఉంటాయి. నాంచారయ్య గారికి ఉన్నవాటిలో ఒకటి, ఒక్కసారైనా వాడకుండానే, నా వల్ల పోయింది.