దొరసాని మందులో మిగులు

చీమకి చొక్కా కుట్టమని గుడ్డ ఇస్తే, అందులోంచి ఏనుగుకి జేబురుమాలు మిగల్చగల దర్జీ ఒకాయన ఉండేవాడు. వీధి వీధంతా ఆయన్ని మిగులు మామ అనేది. ఊళ్లోవాళ్ల కోట్లలో మిగిలిన ముక్కలతోనే ఆయన ఇంటి కిటికీ తెరలన్నీ తయారయ్యాయి. చొక్కా బిగుతైందని ఎవరైనా వస్తే, "ఈ మధ్య కాస్త ఒళ్లు చేశారు" అనేవాడు. పాపం, వాళ్లు పొట్ట లోపలికి పీల్చుకుని సిగ్గుతో వెళ్లిపోయేవాళ్లు.

ఆయన భార్యకి పిల్లల్లేరు. ఒక పిల్లి ఉంది, పేరు దొరసాని. అది ఉన్నట్టుండి గిన్నెల కొద్దీ నీళ్లు తాగడం, మామ ముక్కల బుట్టనే తడపడం మొదలెట్టింది. పశువుల డాక్టరు చూసి షుగరన్నాడు. రోజుకి రెండు సూదులు, సూదికి నాలుగు గీతల ఇన్సులిన్, పైగా పత్యం తిండి. నెలకయ్యే ఖర్చు వినేసరికి మామకి కళ్లు తిరిగాయి.

అయినా కాదనలేదు. సూది తన చేతి పని కాబట్టి తానే పొడుస్తానన్నాడు. ముప్పై ఏళ్లలో తనకి గ్లాసుడు మంచినీళ్లివ్వని మనిషి ఇంత మాటన్నాడని ఆవిడ కళ్లు ఒత్తుకుంది.

మామ నాలుగు గీతలకి మూడే ఎక్కించాడు. అది మోసమని ఆయనకి తోచనే లేదు. కుట్టుకని అంగుళం ఎక్కువ వదిలినట్టే, డాక్టరు కూడా ఓ గీత ఎక్కువేసి రాస్తాడని ఆయన నమ్మకం.

దొరసాని చిక్కి సగమైంది. వెనక కాళ్లు మడమల మీద ఈడ్చుకుంటూ నడిచేది. మందు ఎందుకు పనిచెయ్యడం లేదో తెలియని డాక్టరు ఆరు గీతలన్నాడు, ఆపైన ఎనిమిదన్నాడు. మామ మూడు దాటలేదు. గీతలు పెరిగినకొద్దీ మిగులు పెరిగిందని లోలోపల మురిసిపోయాడు.

ఒక రోజు బడిలో యూనిఫాముల కొలతలకని మామ పొద్దున్నే బయల్దేరాడు. ఆ పూటకి సూది తాను వేస్తానని, డాక్టరు చీటీ ఉందిగా అని భార్య పంపించింది.

మూడో తరగతి పిల్ల భుజం కొలుస్తుంటే చీటీలోని ఎనిమిది గుర్తొచ్చింది. మూడు దాటి ఎరగని ఒంటికి ఒక్కసారిగా ఎనిమిది! చేతిలో టేపు ఆగిపోయింది. ఫోను తీశాడు. మూడే వెయ్యమంటే ఎందుకని అడుగుతుంది. ఏం చెప్పాలి? ఒక్క పూటకేం కాదులెమ్మనుకుని, ఫోను జేబులో పడేసి, భుజం పదకొండని రాసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి ఆవిడ పిల్లిని ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుంది. సూది వేసిన కాసేపటికి వణికి, కొట్టుకుందట. డాక్టరు ఫోనులో చెప్పినట్టు చిగుళ్లకి తేనె రాసినా కళ్లు తెరవలేదట.

"చీటీ చూసే వేశానండీ. ఎనిమిదేగా?"

"ఎనిమిదే."

"మరి నా చేతిలోనే ఎందుకు పోయింది?"

మామ మెళ్లో టేపు తీసి చుట్టాడు. "నీ చెయ్యి బరువులే."

ఆవిడ పూడ్చడానికి ఒక సంచీ కుట్టమంది. మామ ముక్కల్లోంచి ఒకటి తీసి, కొలిచి, కుట్టాడు. తీరా పెరట్లో గొయ్యి దగ్గర చూస్తే తోక బయటే ఉంది.

"గుడ్డ చాల్లేదా?"

"చాలకేం? జానెడు మిగిలింది కూడా" అన్నాడు మామ, అలవాటు కొద్దీ.

ఆవిడ ఆ తోక వంక కాసేపు చూసింది. లోపలికెళ్లి ఇన్సులిన్ సీసా తెచ్చి ఎండకి పట్టింది. పోయిన వారమే ఖాళీ కావలసిన సీసాలో సగం మందు తొణుకుతోంది. తోకని లోపలికి మడిచి, మన్ను తానే తోసింది.

ఆ రోజు నుంచి మామ కంచంలో ఆకలికి సరిగ్గా నాలుగు ముద్దలు తక్కువ. ఆరు నెలలకి ఆయన చొక్కాలే ఆయనకి వేలాడసాగాయి. ఒకనాడు ధైర్యం చేసి, ఇంకాస్త పెట్టమన్నాడు.

"కాస్త మిగిల్చానండీ" అంది ఆవిడ, చల్లగా. "మీకిష్టమేగా."

పెరటి గుమ్మంలో నాలుగు వీధి పిల్లులు వరసగా కూర్చుని ఆ మిగులు తింటున్నాయి.