ఫొటోకి తెరిచే గది

మా ఊరి హైస్కూలు పెద్దమేస్టారికి నేను శాలువా కప్పానంటే చోడవరంలో మా చుట్టాలు ఇప్పటికీ నమ్మరు. కప్పాను. కడుపులో మంట పెట్టుకునే కప్పాను.

మా అమ్మాయికి పుట్టుకతోనే కాళ్లు బిగుసుకుపోతాయి. రోజూ రెండు పక్కలా ఇనప బార్లు పట్టించి అడుగులు వేయిస్తే నడక వస్తుంది, మానేస్తే ఆ కాళ్లు చాపడానికి కూడా రావు అని విశాఖలో డాక్టరు చెప్పారు. అలాంటి పిల్లల కోసమే సర్కారు డబ్బిచ్చి స్కూల్లో ఒక గది కట్టించింది. లోపల నడక బార్లు, మెత్తటి పరుపులు. గది వచ్చిందని మొక్కు కూడా తీర్చుకున్నాను, వెర్రిదాన్ని!

ఆ గదిని మేస్టారు పదో తరగతి ర్యాంకు పిల్లలకు ఇచ్చేశాడు. పరుపుల మీద వాళ్లు కూర్చుని చదువుకునేవారు. బార్లకు వాళ్ల బ్యాగులు వేలాడేవి. జిల్లా నుంచి ఆఫీసరు వస్తున్నాడంటే మాత్రం ముందురోజే నాకు కబురు: "గుంటకి కొత్త గౌను తొడిగి తీసుకురా." చెరకు పని మానుకుని, ఆటో కట్టించుకుని వెళ్లేదాన్ని. బార్ల మధ్య నిలబెట్టి ఫొటో తీసేవారు. ఆఫీసరు కారు గేటు దాటగానే మళ్లీ బ్యాగులు. ఆ ఫొటోలు చూపించే మరుసటి ఏడాదికి డబ్బు తెప్పించేవాడు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"నీ గుంట నాలుగడుగులేస్తే స్కూలుకి పేరొస్తాదేటమ్మా? ర్యాంకులొస్తే వస్తాది" అన్నాడు.

ఆ మాట మనసులో దాచుకున్నాను. ర్యాంకు పిల్లల మీద నాకు కోపం లేదు, వాళ్లూ మా వీధి పిల్లలే. ఆయన్ని మాత్రం వదలదలుచుకోలేదు. తిడితే నోటి దురుసు మనిషని తోసేస్తాడు. అందుకని తియ్యటి మాటతోనే కొట్టాలనుకున్నాను.

మళ్లీ ఆఫీసరు వచ్చాడు, ఫొటో అయింది, సభ మొదలైంది. మా వైపు సభల్లో శాలువా పట్టుకుని లేచిన మనిషిని ఎవరూ ఆపరు, మైకు కూడా చేతికిస్తారు. నేను లేచాను. మేస్టారి భుజాల మీద శాలువా కప్పి మైకు అందుకున్నాను.

"దేవుడులాంటి మేస్టారు బాబూ! రేపట్నుంచి రోజూ పది గంటలకి ఈ గది నా గుంటకే వదిలేస్తానని సెప్పేరు. బార్లు కూడా తనే సర్దుతానన్నారు. నెల పోయాక మీరొచ్చి దీని నడక సూడాల!"

"తప్పకుండా వస్తానమ్మా" అని ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. వెనకాలే ఊరంతా కొట్టింది. అప్పుడు మేస్టారి మొహం చూడాలి, తేలు కుట్టిన దొంగే! కాదనలేడు, అవుననలేడు.

మర్నాడు పదింటికి పిల్లని ఎత్తుకుని వెళ్లాను.

"ఎంత పని సేసేవమ్మా" అని పళ్లు నూరాడు.

"అంతా మీ మంచితనం బాబూ" అన్నాను.

బార్ల మీది బ్యాగులు ఒక్కొక్కటీ ఆయనే తీశాడు. నేను సాయం పట్టలేదు. నా కడుపు చల్లబడింది. అది పాపమే అయితే, ఆ పాపం నాకు కావాలి.

పిల్ల బార్లు పట్టుకుని నిలబడింది. నవ్వుమొహం పెట్టుకుని, కెమెరా కోసం అటూ ఇటూ చూసింది.

"అమ్మా, ఫొటో ఎవులు తీస్తారు?"

"ఎవులూ తియ్యరే. నడు."