సిరిసిల్ల స్టేషన్‌కు మల్లేశ్ కంటే ముందు

ఉదయం ఏడింటికి జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సు ఎక్కాను. తెల్లవారకముందే మా చెల్లెలు సుజాత ఫోన్ చేసింది. ముందు రోజు ఎల్లంతకుంటలో పెళ్లికి వెళ్లి, ఒక్కతే కారు నడుపుకుంటూ వస్తూ, సాయంత్రం ఐదింటికి సిరిసిల్ల ఊరి మొదట్లో ఒక మోపెడ్‌ను గుద్దింది. మోపెడ్ మీది మనిషి పడిపోయాడు. జనం అరుచుకుంటూ రావడం చూసి భయపడి, ఆగకుండా కోరుట్లలో తన ఇంటికి వెళ్లిపోయింది.

"మనిషి బతికిండో లేదో తెల్వదన్నా," అంది.

ఎనిమిదింటికి కోరుట్లలో దిగాను. సుజాత బస్టాండుకే వచ్చింది. ఎదుటి హోటల్లో ఇడ్లీ చెప్తే ముట్టలేదు. పత్రికలో పనిచేసిన రోజుల్లో తెలుసుకున్నదే ఆమెకు చెప్పాను. ప్రమాదం జరిగితే డ్రైవరు ఆగాలి, దెబ్బ తగిలినవారికి వైద్యం అందేలా చూడాలి. జనం మీద పడతారన్న భయం నిజంగా ఉంటే అక్కడి నుంచి కదలవచ్చు. కానీ దగ్గరి పోలీస్ స్టేషన్‌లో వీలైనంత త్వరగా, ఇరవై నాలుగు గంటలు దాటకుండా చెప్పి తీరాలి. లేకపోతే గుద్దినందుకు ఒక నేరం, చెప్పకుండా వెళ్లిపోయినందుకు మరొకటి.

మళ్లీ స్టీరింగ్ పట్టుకునే ధైర్యం లేక సిరిసిల్లకు బస్సులోనే పోదామంది. తొమ్మిదింటికి వేములవాడ బస్సు దొరికింది. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి నా ఒక్కడికే టికెట్.

కథలాపూర్ దాటాక ఆమె భర్త ప్రభాకర్ ఫోన్ చేశాడు. వాళ్ల పొలంలో ట్రాక్టర్ నడిపే మల్లేశ్‌కు కారు కాయితాలిచ్చి, బైకు మీద సిరిసిల్ల పంపాడట. కారు తనే నడిపానని మల్లేశ్ ఒప్పుకుంటాడట.

"ఆయనెందుకు ఒప్పుకుంటడు? గుద్దింది నేను గదా," అంది సుజాత.

"ఆడమనిషివి ఠాణా మెట్లెక్కుతవా?" అన్న ప్రభాకర్ మాట నాకూ వినిపించింది.

మల్లేశ్‌కు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. అతనికున్నది ట్రాక్టర్ లైసెన్సు. అబద్ధపు వాంగ్మూలం ఇస్తే అతని మీదా, ఇమ్మన్నవాళ్ల మీదా కేసు పడుతుంది. ఇన్సూరెన్సు కంపెనీ పేచీ పెడితే దెబ్బ తగిలినవాడు నష్టపోతాడు. నేను ఇదంతా చెప్పాక ఆమెకు సీట్లో కుదురు లేదు. బస్సు మాత్రం ఎవరు చెయ్యెత్తినా ఆగుతోంది. రుద్రంగిలో బస్తాలతో ఎక్కిన ఒక అవ్వ ఆమెను కాసేపు చూసింది.

"గట్ల లేస్తున్నవ్, కూసుంటున్నవ్. బస్సు నువ్వు తోల్తవా ఏంది బిడ్డా?"

"నేను తోలుడు నిన్ననే అయ్యిందవ్వా."

"దవాఖానకా?"

"ఠాణాకు."

అవ్వ తన బస్తాలు పక్కకు లాగింది. "అయితే కిటికి కాడ కూసో. గాలికి కడుపుల తిప్పది," అని జరిగింది.

వేములవాడలో బస్సు మారి, పదకొండున్నరకు సిరిసిల్లలో దిగి, ఆటోలో స్టేషన్‌కు వెళ్లాం. ఎదుట చాయ్ బండి దగ్గర మల్లేశ్ కాయితాల కవరుతో నిలబడి ఉన్నాడు.

"లోపటికి వోయినవా?" అంది సుజాత.

"రెండుసార్లు గేటు దాక వోయినమ్మా. ఎట్ల గుద్దినవ్ అని అడుగుతే ఏం చెప్పాలె? మీది ఆటోమేటిక్ కారు, క్లచ్చే లేదాయె. నేను అండ్ల కూసున్నోన్ని గూడ గాదు."

ఆమె ఆ కవరు తీసుకుంది. "చాయ్ తాగి ఇంటికి వో మల్లేశ్," అని మెట్లెక్కింది.

లోపల ఎస్సైని ఆమె అడిగిన మొదటి మాట, "ఆయన బతికిండా సార్?"

"బతికిండు. కాలు విరిగింది, దవాఖానల ఉన్నడు."

ఎవరూ చెప్పకుండానే అక్కడి బెంచీ మీద కూలబడింది.

"రాత్రే కేసు రాసినం మేడం. కెమెరాల నంబరు దొరికింది. మీరు రాకుంటే సాయంత్రం మేమే అచ్చేటోళ్లం," అన్నాడు ఎస్సై. వాంగ్మూలం రాసుకున్నారు, లైసెన్సు తీసుకున్నారు, కారును తనిఖీకి పంపమన్నారు. నా పూచీ మీద స్టేషన్‌లోనే బెయిలు ఇచ్చారు. వెళ్లిపోయినందుకు పెట్టిన సెక్షన్ ఉంటుంది, దాని సంగతి కోర్టు చూస్తుంది. గడువులోపు తనంతట తానే వచ్చిందని మాత్రం రాస్తామన్నారు.

ఒంటిగంటకు ఆసుపత్రికి వెళ్లాం. దెబ్బ తగిలిన నర్సయ్య సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే కార్మికుడు. తనెవరో సుజాతే చెప్పుకుంది.

"మనిషి పడ్డడని తెలిసి గూడ ఎనకకు సూడకపోతివి," అంది నర్సయ్య భార్య.

నర్సయ్య ఆమెను ఆపాడు. "జనాన్ని చూసి భయపడ్డవా అమ్మా? మావోళ్లు తిడ్తరు గని కొట్టరు. నువ్వు ఆగితే నీగ్గూడ నీళ్లిచ్చేటోళ్లు."

సుజాత మంచం పట్టీ పట్టుకుని నిలబడింది. సాంచాల కాడ పొద్దంతా నిలబడాలె, ఈ కాలుతో ఎట్ల అని అతని బెంగ. అసలు డ్రైవరే ఒప్పుకుంది, లైసెన్సూ ఇన్సూరెన్సూ ఉన్నాయి కాబట్టి పరిహారానికి ఆ పేచీ ఉండదని చెప్పి, దరఖాస్తు ఎక్కడ వేయాలో వివరించాను. నర్సయ్య భార్య రెండుసార్లు చెప్పించుకుంది.

బస్టాండు దగ్గరి మెస్సులో సుజాత రెండోసారి అన్నం పెట్టించుకుంది. తిరుగు బస్సులో చందుర్తి రాకముందే నిద్రపోయింది. పొద్దుగూకేవేళకు కోరుట్లలో దిగితే ప్రభాకర్ బస్టాండులో నిలబడి ఉన్నాడు.

"కేసయ్యిందా?"

"అయ్యింది. నా పేరు మీదనే."

"మల్లేశ్ ఏడి?"

"వాళ్లింటికి వోయిండు."

ప్రభాకర్ ఆమె చేతిలోని సంచి అందుకున్నాడు. నేను జగిత్యాల బస్సెక్కాను. కేసు నమోదైందని ఎన్నిసార్లు వార్త రాశానో లెక్కలేదు. ఆ మాట విని ఒక ఇల్లు ఊపిరి పీల్చుకోవడం చూసింది మాత్రం ఆ రోజే.