చింతపండుతో తోమిన షీల్డు

ఈ ఉదయం ఇత్తడి చెంబు తోముతుంటే ఆ పులుపు వాసనకి పాత సంగతొకటి కళ్లముందు మెదిలింది. మన ఇళ్లలో ఇత్తడి ఏదైనా చింతపండుతోనే తోమేవాళ్లం, గుర్తుందా?

బరంపురంలో కాలేజీల ఫుట్‌బాల్ పోటీ గెలిచిన జట్టు కెప్టెన్ ఇంట్లో ఇత్తడి షీల్డు ఏడాదిపాటు ఉండేది. ఆ ఏడు కెప్టెన్ మా అన్నయ్య. మరుసటేడు ఫైనల్ రోజున, అది తిరిగిచ్చేముందు మెరిపిద్దామని నేను చింతపండూ పీచూ పట్టుకుని కూర్చున్నాను. దానిమీద పాత విజేతల పేర్లు రంగుతో రాశారని నాకేం తెలుసు? అన్నీ నల్లటి నీళ్లై కారిపోయాయి. హడలిపోయి చెయ్యి ఆపేసరికి అడుగున అన్నయ్య కాలేజీ పేరొక్కటే మిగిలింది.

అన్నయ్య వచ్చి చూశాడు.

"మాదొక్కటే ఉంచినావేటే? మిగతావి మేమే సెరిపేసినామనుకుంటారు" అన్నాడు.

నన్ను కొట్టలేదు. నా చేతిలోని చింతపండు తీసుకుని, తన కాలేజీ పేరు కూడా తోమేశాడు.