రెండో వంటగది

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు. గోదావరిఖని పక్కన మా కొత్త యూనివర్సిటీకి అప్పటికి పేరుంది, బోర్డుంది, సొంత భవనం మాత్రం లేదు. ఖాళీగా పడున్న పాత క్వార్టర్లకు సున్నం కొట్టి వాటినే క్లాసురూములన్నారు. ఒకప్పటి క్లబ్బు భవనాన్ని అమ్మాయిల హాస్టలన్నారు. నన్ను దానికి సూపరింటెండెంటుగా వేశారు. వార్డెన్ అంటే ప్రొఫెసర్ గారు, సంతకాలు ఆవిడవి. నీళ్లు రాకపోయినా, గదిలో బల్లి కనబడినా, పప్పులో ఉప్పెక్కువైనా పిలుపొచ్చేది సూపరింటెండెంటుకే. నాకు నోరెక్కువని మా ఇంట్లో అంటారు. ఆ ఉద్యోగానికి కావలసిన అర్హత అదొక్కటేనని నేనంటాను.

వంట మరియమ్మది. దళిత క్రైస్తవ కుటుంబం, తాతల నాటి నుంచి బాయి పనే. బొగ్గుగనిని ఇక్కడ మేం బాయి అనే అంటాం. మరియమ్మ చారుకు తాలింపు వేస్తే క్లాసులో పిల్లలు పాఠం వదిలేసి గడియారం చూసేవాళ్లు. ఆమె నోటి ముందు నేనూ దిగదుడుపే. అందుకే మా ఇద్దరికీ బాగా కుదిరింది.

దసరా సెలవులు అయిపోయి పిల్లలు తిరిగొచ్చాక కొందరు అమ్మాయిలు మెస్‌కు రావడం మానేశారు. గదుల్లో అటుకులు, బిస్కెట్లు తిని పడుకుంటున్నారు. అడిగితే ఆకలి లేదన్నారు. ఆకలి లేని వయసా అది! నాలుగు మాటలు గట్టిగా అడిగేసరికి అసలు సంగతి బయటపడింది. వండేది ఎవరో సెలవుల్లో ఇళ్లల్లో తెలిసిపోయింది.

ఆ వారమే తండ్రులు వచ్చారు. ముందు నిలబడినవాడు రాజయ్య. రామగిరి వైపు పల్లెటూరు. అండర్‌గ్రౌండ్ గనిలో టింబర్‌మన్, అంటే తవ్విన చోట పైకప్పు కూలకుండా దన్ను నిలబెట్టే పనివాడు. ఆయన కూతురు స్వప్న మా మొదటి బ్యాచి ఎమ్మెస్సీ జియాలజీ. కనబడిన రాయల్లా తెచ్చి కిటికీ నిండా పేర్చేది. వచ్చినవాళ్ల పిల్లల్లో మెస్ మాననిది అదొక్కతే. ఆయన కోపమంతా దాని మీదే.

వంటమనిషినైనా మార్చాలి, వేరే వంటగదైనా పెట్టాలి, లేకపోతే ఆదివారం వచ్చి పిల్లల్ని తీసుకుపోతామన్నారు. పొద్దున ల్యాబు వేళకు ఆ ఊళ్ల నుంచి బస్సులు లేవు. హాస్టల్ పోతే చదువు పోయినట్టే. సాయంత్రం స్వప్న నా గదికి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"మేడం, ఒక్కసారి ఇంటికి పోతె మల్ల రాను. మా బాపు మాటంటె మాటే. నాకు సదువుకోవాలని ఉన్నది."

ముందు పోయి అన్నం తినమన్నాను.

పైవాళ్లు బెదిరిపోయారు. తప్పు పట్టలేను. నిన్నగాక మొన్న తెరిచిన యూనివర్సిటీ నుంచి ఆడపిల్లలు మూటాముల్లె సర్దుకుని పోతే వచ్చే ఏడు ఎవరు చేరతారు? వెనక స్టోరురూమును రెండో వంటగది చేయడానికి ఎస్టిమేటు తయారైంది. ఎస్టిమేటు అంటే ఏ పనికి ఎంత పడుతుందో ఇంజినీరు వేసే లెక్క. మామూలుగా అది కదలడానికి నెలలు పడుతుంది. ఇది మాత్రం రెక్కలు కట్టుకుని ఎగిరింది. మర్నాటికల్లా మేస్త్రీ వచ్చి సింకు బిగించాడు. తాత్కాలికమేనన్నారు. నాకు ఒళ్లు మండింది. మొదటి ఏడు రెండు పొయ్యిలు వెలిగిస్తే మరుసటి ఏడు రెండు నీళ్లకుండలు అడుగుతారని, ఆ పైన క్లాసులో రెండు వరసలు అడుగుతారని, కొత్త చోట తాత్కాలికంగా చేసిందే ఆనవాయితీ అవుతుందని అన్నాను. ఆదివారం దాకా చూద్దామన్నారు.

మరియమ్మకు ఏ ముఖం పెట్టుకుని చెప్పను? వెళ్లేసరికి వంకాయలు తరుగుతోంది. అన్నీ ముందే విన్నట్టుంది, తల ఎత్తలేదు.

"గిన్నెలు తోమెటోళ్లు ఎవలైన ఫికర్ లేదంట గద మేడం. వండెటోళ్లతోనే తకరారు."

ఏడుపొచ్చింది నాకు. ఆమెకు రాలేదు.

ఆదివారం రాజయ్య ఆటో మాట్లాడుకుని మరీ వచ్చాడు. స్వప్న ఏమీ సర్దలేదు. కిటికీలో రాళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. వరండాలో నేనున్నాను, మిగతా తండ్రులున్నారు. అందరి ముందే తండ్రిని అడిగింది.

"బాపు, చిన్నప్పుడు నా కోసం డబ్బాల మిగిల్చి తెచ్చెటోనివి గద, ఆ ఎండురొయ్యల కూర ఎవలింటిది? మా అవ్వకైతె అది వండరాదు. ఎవలిదని అవ్వ అడిగితె, బాయిలది అనెటోనివి."

ఆ డబ్బా సంగతి బాయి పిల్లలందరికీ తెలుసు. షిఫ్టు దిగి వచ్చే తండ్రి టిఫిన్ డబ్బాలో ఒక ముద్ద మిగిల్చి తెస్తాడు. ఆ ముద్ద కోసం మా అన్నా నేనూ జుట్టూజుట్టూ పట్టుకునేవాళ్లం. లోపల గ్యాంగంతా డబ్బాలన్నీ విప్పి కలిపి తింటారు, కాబట్టి అది ఏ ఇంటి ముద్దో ఎవరికీ తెలియదు. పైకొచ్చాక ఎవరి వాడ వాళ్లదే.

రాజయ్య గొంతు తగ్గింది. "బాయిల సంగతి వేరే బిడ్డ. ఆడ కప్పు కూలితె అందరి మీద కూలుతది. ఎవలు ఏందని ఎవడు అడుగుతడు?"

"నేను గూడ ఈడ దిగిన బాపు. షిఫ్టు ఐపోకముందే పైకి రమ్మంటె ఎట్ల?"

అప్పుడు వంటగది గుమ్మంలోంచి మరియమ్మ అంది, "అన్నా, తింటవా, బిడ్డను తీస్కపోతవా? జల్ది చెప్పు, అన్నం సల్లారుతాంది."

రాజయ్య చాలాసేపు ఆటో వైపు చూశాడు. తర్వాత చెప్పులు విడిచి లోపలికి వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు. మారు వడ్డించమని కూడా అడిగాడు. చేయి కడుక్కుని నా దగ్గరికొచ్చి, ఊళ్లో మాత్రం చెప్పవద్దన్నాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే లోపలికి నడిచారు. ఒకాయన మాత్రం కూతుర్ని తీసుకునే పోయాడు. ఆ పిల్ల మళ్లీ రాలేదు. అది తలుచుకుంటే నాకిప్పటికీ బాధే.

రెండో వంటగదిలో పొయ్యి వెలగలేదు. ఇప్పుడది అమ్మాయిల రీడింగురూము, మూలన సింకుతో సహా. యూనివర్సిటీకి చట్టాలు, నిబంధనలు చాలా ఉంటాయి, అవన్నీ అచ్చయి ఉంటాయి. కానీ మొదటి ఏడు అన్నం దగ్గర ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో, తర్వాత వచ్చేవాళ్లు దాన్నే పట్టుకుని నడుస్తారని నాకు ఆ ఆదివారం తెలిసింది. మా పిల్లల్లో చాలామందికి ఆ సింకు అక్కడెందుకుందో తెలియదు. తెలియకపోవడమే నాకు సంతోషం.

స్వప్న ఇప్పుడు ఇక్కడే రీసెర్చి చేస్తోంది. రాజయ్య రిటైరైపోయాడు. అయినా కూతుర్ని చూడటానికి వచ్చినప్పుడల్లా తన పాత డబ్బా తెస్తాడు, మరియమ్మ కూర నింపి ఇస్తుంది. ఎవరు వండారని ఇంట్లో స్వప్న వాళ్లమ్మ అడిగితే ఏం చెబుతావన్నా అని ఒకసారి ఆటపట్టించాను.

"బాయిలది అంటున్న మేడం" అన్నాడు. తనే నవ్వేశాడు. "మొన్న మా ఇంటామెనే డబ్బా కడిగి చేతుల పెట్టింది, బాయికి ఎప్పుడు పోతవని."